ఎనభై మూడు మెట్లు

ఆ కాగితాన్ని నా కుట్టుమిషను బల్ల మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా దాని మీద కత్తెర పెట్టింది మా అమ్మాయి. నేనప్పుడు ఎవరిదో పంట్లాం అంచు విప్పుతున్నాను.

"నిదానంగా చదువమ్మా. సాయంత్రం మాట్లాడుకుందాం" అని తన పనికి వెళ్ళిపోయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో వచ్చినవాళ్ళ చూపు పరీక్షించడం తన పని.

నేను చదివింది ఏడో తరగతి. కూడబలుక్కుని చదివేసరికి మధ్యాహ్నమైంది. మంచుకొండల్లో ఎనిమిది రోజుల నడక. పదిహేను వేల అడుగుల ఎత్తు. దాని కింద బారెడు ప్రశ్నలు. ఉబ్బసం ఉందా, ఎప్పుడైనా ఉండేదా, గుండె జబ్బు ఉందా, స్పృహ తప్పి పడిపోయారా. అన్నిటికంటే కింద రెండు గీతలు. ఒకటి డాక్టరు సంతకానికి, ఒకటి ఇంట్లోవాళ్ళ సంతకానికి.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నాకు ఏ విషయంలోనైనా చెడే ముందు కనబడుతుంది. మా ఆయన ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశారు. ఆయన పావుగంట ఆలస్యమైన ప్రతి సాయంత్రం నేను ఆ బస్సును లోయలో పడేశాను. మా ఊరి చుట్టుపక్కల ఎక్కడా లోయ లేదు. అయినా పడేశాను. అలాంటి నాకు నిజమైన లోయలున్న చోటికి వెళ్తానని కాగితం తెచ్చి ఇచ్చింది నా కూతురు.

పంట్లాం పక్కన పడేసి, అరలోంచి పాత పుస్తకం తీశాను. అది నా కొలతల పుస్తకం. ముందువైపు నుంచి జనం నడుములూ భుజాలూ రాసుకుంటూ వచ్చాను. వెనకవైపు నుంచి మా అమ్మాయి జ్వరాలు రాసుకుంటూ వచ్చాను. ఏ తేదీన ఎంత వేడి, ఏ మందు ఎన్ని చుక్కలు, ఎన్ని గంటలకు దగ్గు తగ్గింది, అన్నీ. రెండు రాతలూ పుస్తకం మధ్యలో ఒక పేజీలో కలుసుకున్నాయి. ఆ పేజీలో పైన ఎవరిదో పెళ్ళికోటు కొలత ఉంటుంది, కింద తలకిందులుగా నూటరెండు జ్వరం ఉంటుంది.

చిన్నప్పుడు దానికి ఛాతీలో పిల్లికూతలు. చలిగాలి తగిలితే చాలు, ఊపిరి తీసినప్పుడల్లా లోపలెక్కడో పిల్లిపిల్ల ఇరుక్కున్నట్టు చప్పుడు. అందుకే వాళ్ళ నాన్న దాన్ని పిల్లీ అని పిలవడం మొదలుపెట్టారు. కూతలు పోయాయి గానీ పేరు పోలేదు.

మేముండేది నాలుగో అంతస్తు. కింద నా దుకాణం, పైన ఇల్లు, మధ్యలో ఎనభై మూడు మెట్లు. గుమ్మం దగ్గర మూడు, ఆ తర్వాత అంతస్తుకు ఇరవై. ఆ రోజుల్లో దాన్ని చంకనేసుకుని ఎక్కేదాన్ని. నాలుగేళ్ళు నిండాక నడుస్తానని మారాం చేసేది. మెట్టుకొక అంకె చెప్పించేదాన్ని. దానికి అంకెలు వచ్చింది బడిలో కాదు, ఈ మెట్ల మీదే. అరవై మూడో మెట్టు దగ్గర, అంటే మూడో అంతస్తు మలుపులో, ఒక కిటికీ ఉంది. దాని గట్టు మీద రేకు పరిచి ఉంటుంది. ఎండాకాలం కాలుతుంది, చలికాలం జిల్లుమంటుంది. అక్కడ కూలబడిపోయేవాళ్ళం. అది నా భుజం మీద తల పెట్టి ఊపిరి పీల్చుకునేది. కిటికీలోంచి రైలుపట్టాల అవతల ఒక దిబ్బ కనబడేది. గోదాముల వెనక పోసిన మట్టిదిబ్బ, అంతకంటే ఏం లేదు.

"అమ్మా, అది కొండా?" అనేది.

"ఆ, కొండే."

"ఎక్కుదామా?"

"ముందు ఇరవై మెట్లున్నాయి, అవి ఎక్కు."

ఆ రేకు గట్టు మీద ఎన్ని సాయంత్రాలు కూర్చున్నామో ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. రాయాల్సింది అదేనేమో. జ్వరాలు రాసి ఏం చేశాను?

సాయంత్రం అది వచ్చాక అడిగాను.

"నేను వద్దంటే మానేస్తావా?"

"మానేస్తా."

"మనసులో పెట్టుకోవు కదా?"

"పెట్టుకుంటా. కానీ మానేస్తా."

మా ఆయన పేపరు దించకుండా అన్నారు, "పిల్లి నిజాయితీగా చెప్పింది. ఇప్పుడు నువ్వు చెప్పు."

"మీరేమంటారో చెప్పండి ముందు."

"నేను కండక్టర్నే. బస్సు ఎక్కడికెళ్ళాలో నేనెప్పుడూ చెప్పలేదు."

"అసలు ఎందుకే అక్కడికి? అంత దూరంలో ఏముంది నీకు?" అని దాన్నే అడిగాను.

అది గోరు గిల్లుకుంది. "రోజంతా చీకటి గదిలో అక్షరాలు చూపించి కనబడుతున్నాయా, కనబడుతున్నాయా అని అడుగుతుంటానమ్మా. నాక్కూడా ఒకసారి దూరం చూడాలనుంది. అంతే" అంది.

ఏం చేయాలో తోచనప్పుడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడం నాకలవాటు.

డాక్టరమ్మకు ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. దాని పిల్లికూతలు మొదటిసారి విన్నది ఆవిడే. నేను పుస్తకం తలకిందులుగా తిప్పి ముందు పెట్టగానే నవ్వింది.

"ఇది ఇంకా ఉందా? నా దగ్గర కూడా ఇంత వివరంగా లేదమ్మా."

వెంట వచ్చిన మా అమ్మాయి చేత గొట్టంలోకి ఊదించింది. గుండె చూసింది, రక్తపరీక్ష రాసింది. రెండు రోజుల తర్వాత ఫలితాలన్నీ ముందు పెట్టుకుని చెప్పింది. "ఆఖరి పిల్లికూత పన్నెండేళ్ళ కిందటిది. ఊపిరితిత్తులు బాగున్నాయి, గుండె బాగుంది. ఆరు వారాలు రోజూ మెట్లెక్కు. వీపున ఎనిమిది కిలోల సంచీ వేసుకుని గంటసేపు ఎక్కి దిగు. అప్పుడు మళ్ళీ రా."

"అలా ఎక్కితే అక్కడేం కాదు కదండీ?" అన్నాను.

"కాళ్ళకు బలమొస్తుంది. పైన గాలి పల్చగా ఉంటుందమ్మా. అది ఎవరికి పడుతుందో, ఎవరికి పడదో కింద కూర్చుని ఎవరూ చెప్పలేరు. వస్తాదుకి పడకపోవచ్చు, ముసలాయనకి పడొచ్చు." డాక్టరమ్మ దానివైపు తిరిగింది. "తలనొప్పి, వాంతి, నడక తూలడం. ఏదొచ్చినా వెంటనే చెప్పాలి. ఇంక పైకెక్కకూడదు, తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. ప్రమాదమయ్యేది ఎక్కువగా ఎవరికో తెలుసా? చెప్పకుండా ఓర్చుకునేవాళ్ళకి. నువ్వు చెప్పే రకమేనా?"

"ఆ, చెప్తానండీ" అంది మా అమ్మాయి.

నేను ఆ మాట సరిగ్గా పట్టించుకోలేదు. నా బుర్రలో అప్పటికే వేరే ఆలోచన తిరుగుతోంది. ఆరు వారాలు మెట్లెక్కాలి. ఆరు వారాల్లో మనిషికి ఎన్నిసార్లు విసుగు రాదు?

పాత వీపుసంచీ ఒకటి ఉంటే దానికి పట్టీలు నేనే కొత్తగా కుట్టాను. రెండు పేటల దారంతో, ఎనిమిది కిలోలకు సరిపడా. లోపల లీటరు నీళ్ళ సీసాలు ఎనిమిది. దుకాణం మూసేశాక సాయంత్రం ఆరింటికి మొదలు. అది ముందు, నేను వెనక. అది పడితే పట్టుకోవాలి కదా. యాభై ఐదేళ్ళ దాన్ని, అది నా మీద పడితే ఇద్దరం కలిసి దొర్లుతామని మా ఆయన అన్నా వినలేదు.

మొదటి వారం గడిచింది. దానికి విసుగు రాలేదు సరిగదా, అరవై మూడో మెట్టు దగ్గర ఆగకుండా వెళ్ళిపోవడం మొదలుపెట్టింది. రేకు గట్టు ఖాళీగా ఉండిపోయింది.

రెండో వారం నేనొక పని చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నా దగ్గర పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది, నాకు కుట్టుపని నేర్పిన మాస్టారు ఇచ్చింది. కరెంటు ఇస్త్రీ వచ్చాక దాన్ని గుడ్డ కదలకుండా బరువుకు వాడుతున్నాను. నాలుగున్నర కిలోలు. దాన్ని ఉన్నిగుడ్డలో చుట్టి, సంచీ అడుగున పెట్టి, పైన సీసాలు సర్దేశాను. బరువెక్కువై, వారం తిరక్కుండా "అమ్మా, నా వల్ల కాదు" అంటుందనుకున్నాను. దాని నోటితో అదే మానేస్తే నాకు మాట రాదు, దాని మనసులోనూ ఏం ఉండదు. ఎంత తెలివైన ఆలోచనో అనుకున్నాను.

అనలేదు. కాస్త మెల్లగా ఎక్కింది, అంతే. మూడో వారం అయింది, నాలుగో వారం అయింది. రోజూ పొద్దున ఇస్త్రీపెట్టె దుకాణంలోకి తీసుకెళ్ళడం, సాయంత్రం మళ్ళీ సంచీలో దాచడం. అది పన్నెండున్నర కిలోలతో ఎక్కుతుంటే నేను ఖాళీ చేతులతో వెనక రొప్పుతున్నాను. నా కుడి మోకాలు అప్పటికే పోట్లు పొడుస్తోంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను కింద కూర్చోబెడతారు.

అయిదో వారంలో ఒక సాయంత్రం, సరిగ్గా మూడో అంతస్తు మలుపులో, ఎడమ పట్టీ కుట్టు పుటుక్కున ఊడిపోయింది. ముప్పై ఏళ్ళుగా నా కుట్టు ఊడిందని ఒక్కరూ దుకాణం మెట్లెక్కలేదు. నేను ఎనిమిది కిలోలకు కుట్టి పన్నెండున్నర మోయించాను. సంచీ వంగిపోయింది, సీసాలు దొర్లాయి. వాటి వెనక ఉన్నిగుడ్డ విప్పుకుని ఇస్త్రీపెట్టె ఒక్కో మెట్టే దిగుతూ వెళ్ళింది. ఇల్లంతా గంటలు మోగినట్టయింది. రెండో అంతస్తు ముసలావిడ తలుపు తీసి, పెట్టెను చూసి, నన్ను చూసి, "ఎక్కడైనా ఫంక్షనుకా అమ్మా, ఇస్త్రీ పట్టుకుని బయలుదేరారు?" అని అడిగి తలుపేసుకుంది.

నేను మా అమ్మాయి మొహం చూశాను. అక్కడ ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"మొదటి రోజే తెలుసమ్మా. సీసాలకు మూలలుండవు కదా. వీపున గుచ్చుకునేది."

"మరి చెప్పలేదే?"

"చెబితే నువ్వు బాధపడతావని."

అది చాలా మామూలుగా అంది. నాకు మాత్రం ఆ రేకు గట్టు మీద కూలబడక తప్పలేదు. ఆ మాట నేనింతకుముందు విన్నాను. పుస్తకంలో ఉంది అది. దానికి తొమ్మిదేళ్ళప్పుడు, రెండు రోజులు ఒళ్ళు కాలిపోతుంటే నాకు తెలియనివ్వలేదు. చన్నీళ్ళతో మొహం కడుక్కుని, బడికి వెళ్ళొచ్చి, అన్నం తిన్నట్టు నటించింది. మూడో రోజు నా చేయి తగిలి తెలిసింది, నూటమూడు. ఎందుకు చెప్పలేదే అంటే, "నువ్వు ఏడుస్తావు కదా" అంది. దాని ఎదురుగా ఎన్నిసార్లు ఏడ్చానో నాకు గుర్తు లేదు. దానికి గుర్తుంది. తేదీ కింద నేను రాసుకున్నాను కూడా, 'రెండు రోజులు దాచింది' అని. ఎందుకు దాచిందో రాసుకోలేదు.

డాక్టరమ్మ అడిగిన ప్రశ్న అప్పుడు తగిలింది నాకు. నువ్వు చెప్పే రకమేనా?

"చూపించు" అన్నాను.

"ఏం లేదమ్మా."

"చూపించవే."

చొక్కా కొంచెం పైకి లాగింది. నడుముకు కాస్త పైన, అరచేయంత మేర కమిలి నల్లబడి ఉంది. మూడు వారాలు అది వీపున మోసింది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఇంకోటి దాస్తుంది.

ఇంట్లోకి వెళ్ళాక ఇద్దరి ముందూ చెప్పేశాను. "నేను సంతకం పెట్టను. దాని ఊపిరితిత్తుల గురించి కాదు. వీపున ఇనప్పెట్టె పెట్టినా కిక్కురుమనదు ఇది. అక్కడ తల పగిలిపోతున్నా నవ్వుకుంటూ ఎక్కుతుంది. అలాంటిది వెళ్ళకూడదు."

మా అమ్మాయి నాకు ఎదురు మాట్లాడలేదు. గోడవైపు చూస్తూ, "అది నిజమే" అంది మెల్లగా.

మా ఆయన లేచి వెళ్ళి, అలమరలో వెతికి, ఏదో జేబులో వేసుకుని వచ్చారు. "రకం మారదని ఎవరన్నారు? ఇంకా పది రోజులున్నాయి" అన్నారు. జేబులోంచి తీసింది ఆయన కండక్టరు విజిలు. "పిల్లీ, రేపట్నుంచి ప్రతి అంతస్తు దగ్గరా ఆగి, ఒంట్లో ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పాలి. కాలు నొప్పంటే నొప్పి, ఆయాసమంటే ఆయాసం. నువ్వేమో," అని నావైపు తిరిగారు, "అయ్యో అనకూడదు. గుండె మీద చేయి వేసుకోకూడదు. కళ్ళనీళ్ళు పెట్టుకోకూడదు. పెట్టుకుంటే విజిలే."

మర్నాడు సాయంత్రం పట్టీలు నాలుగు పేటలతో కుట్టి ఇచ్చాను. ఎనిమిది సీసాలే. మొదటి అంతస్తులో అది, "కమిలిన చోట మండుతోంది" అంది. నేను "అయ్యో" అన్నాను. విజిలు మోగింది. రెండో అంతస్తులో "కుడి బూటు కొరుకుతోంది" అంది. నా చేయి దానంతటదే గుండె మీదికి పోయింది. విజిలు. మూడో రోజుకు రెండో అంతస్తు ముసలావిడ తలుపు తీసి, "ఇక్కడేమైనా బస్టాపు పెట్టారా నాయనా?" అని అడిగింది. "అవునమ్మా, ఎక్కుతారా?" అన్నారు మా ఆయన.

ఏడో రోజున అది రెండో అంతస్తు దగ్గర ఆగింది. రైలింగు పట్టుకుంది. ఎప్పట్లా నవ్వలేదు.

"అమ్మా, తల తిరుగుతోంది. మధ్యాహ్నం ఏమీ తినలేదు. దిగిపోదాం."

నా లోపల బస్సులన్నీ ఒకేసారి లోయలో పడ్డాయి. మా ఆయన విజిలు నోటికి దగ్గరగా పెట్టుకుని నావైపే చూస్తున్నారు.

"సరే," అన్నాను. "సంచీ ఇలా ఇవ్వు. దిగుదాం."

దిగాం. దుకాణంలో కూర్చోబెట్టి రెండు బిస్కెట్లు, చక్కెర కలిపిన నీళ్ళు ఇచ్చాను. కాసేపటికి అది తేరుకుంది. నేను కాగితం తీసి, కత్తెర పక్కన పెట్టి, ఇంట్లోవాళ్ళ సంతకం అన్న గీత మీద నా పేరు రాశాను. ఏడో తరగతి సంతకం, గీత దాటి పోయింది. వారం తిరిగాక డాక్టరమ్మ కూడా తన గీత మీద పెట్టింది.

అది వెళ్ళిన నాలుగో రోజు సాయంత్రం ఫోను మోగింది. ఎవరి ఫోనో, గరగరలాడుతోంది.

"అమ్మా, నేను. పొద్దున తలనొప్పి మొదలైంది. మాత్ర వేసుకున్నా తగ్గలేదు. రెండుసార్లు వాంతయింది. మమ్మల్ని నడిపించే ఆయనకి మొదలవగానే చెప్పాను. మనిషిని తోడిచ్చి కిందికి దించేశారు. పైదాకా వెళ్ళలేకపోయానమ్మా."

మా ఆయన పరుగున వచ్చి పక్కన నిలబడ్డారు. విజిలు చేతిలోనే ఉంది. నేను పుస్తకం తెరిచాను.

"ఎన్ని గంటలకు మొదలైంది?"

"ఆరున్నరకి."

"ఎన్నింటికి చెప్పావు?"

"ఏడు కాకముందే."

"ఇప్పుడెలా ఉంది?"

"దిగాక చాలా తగ్గింది. ఆకలేస్తోంది. అమ్మా, నువ్వు ఏడవడం లేదా?"

"రాసుకుంటున్నాను" అన్నాను. అబద్ధం కాదు. రాస్తూ ఏడ్చాను. మా ఆయన విజిలు ఊదలేదు.

అయిదు రోజుల తర్వాత వచ్చింది. మొహం నల్లబడింది, ముక్కు మీద తోలు లేచిపోయింది. కింద దుకాణం దగ్గరే సంచీ అందుకోబోయాను, ఇవ్వలేదు. తను ముందు, నేను వెనక మెట్లెక్కాం. దారంతా చెబుతూనే ఉంది. మంచు నీలంగా కూడా ఉంటుందట. వెళ్ళాల్సిన శిఖరం దూరంగా కనబడిందట, అంతదూరం చూసిన చూపు చాలట ప్రస్తుతానికి. వచ్చే ఏడు ఇంకా మెల్లగా, ఎక్కువ రోజులు తీసుకుని వెళ్ళాలట. వచ్చే ఏడా అన్నాను మనసులో. పైకి అనలేదు.

అరవై మూడో మెట్టు దగ్గర అది ఆగింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది, దుకాణంలో ఎవరి కళ్ళనో పరీక్షించేటప్పుడు చూస్తుందే, అలా.

"నీకెలా ఉందమ్మా?"

"నాకేంటే, బాగానే ఉంది."

"ఉన్నదున్నట్టు చెప్పు."

రైలింగు మీద నా చేయి బిగుసుకుని ఉందని అప్పుడే గమనించాను. ఎన్నాళ్ళుగా దాచానో నాకే లెక్క తెలియదు.

"కుడి మోకాలు," అన్నాను. "మెట్టు మెట్టుకీ పోటు పొడుస్తోంది. నువ్వు సంచీతో ఎక్కడం మొదలుపెట్టకముందు నుంచీ ఉంది."

అది అయ్యో అనలేదు. సంచీ దించి గోడకు చేరవేసి, రేకు గట్టు మీద దుమ్ము చేత్తో తుడిచింది. ఇద్దరం కూర్చున్నాం. రేకు జిల్లుమంది. ఇదివరకటిలా ఇద్దరికీ చోటు సరిపోవడం లేదు, భుజాలు ఒత్తుకుంటున్నాయి. కిటికీ అవతల పట్టాలున్నాయి, గోదాములున్నాయి. ఆ మట్టిదిబ్బ ఎప్పుడు తవ్వేశారో, లేదు.

పైనుంచి మా ఆయన రెండుసార్లు విజిలు ఊదారు. ఒకటైతే ఆగమని, రెండైతే కదలమని. ముప్పై ఏళ్ళ అలవాటు.

మేం కదల్లేదు.